మెరుపు ఎక్కడికి పోయింది?

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు, బస్సులకు, కార్లకు పని చేసే షెడ్లు వరసగా వుంటాయి. ఒకచోట వెల్డింగు. ఇంకోచోట టింకరింగు. మరోచోట పెయింటింగు. పెయింటు షెడ్డులో కొత్తవాళ్లకు ఒక వింత కనిపిస్తుంది.

ముందురోజు కారుకు రంగు కొట్టారు. దానిమీద క్లియరు కొట్టారు. కొందరు దాన్నే లక్కరు అంటారు. రాత్రంతా ఆరింది. తెల్లారేసరికి కారు తళతళ మెరుస్తోంది. అప్పుడు హెల్పరు బకెట్టుతో నీళ్లు తెస్తాడు. నల్ల కాగితాన్ని నీళ్లలో ముంచుతాడు. మెరిసే కారును పట్టుకొని రుద్దడం మొదలుపెడతాడు. కాసేపటికి ఆ మెరుపంతా పోతుంది. కారు సుద్ద పూసినట్టు తెల్లగా, మసకగా అవుతుంది.

సరిగ్గా ఆ సమయానికి కారు యజమాని వచ్చాడనుకోండి. ఆయన గుండె జారిపోతుంది.

"ఇదేంటి మేస్త్రీ! కొత్త రంగంతా పాడుచేశారే!" అంటాడు.

"పాడు చెయ్యలేదండీ. సాయంత్రం రండి, చూద్దురు గాని" అంటాడు మేస్త్రి.

సాయంత్రానికి మెరుపు తిరిగి వస్తుంది. పొద్దుటి కంటే ఎక్కువే వస్తుంది. తలుపు మీద చూస్తే ముఖం అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది. మరి మధ్యలో ఆ మెరుపు ఎక్కడికి పోయింది? ఎలా తిరిగి వచ్చింది?

బత్తాయి తొక్క

స్ప్రే గన్ను నుంచి రంగు తుంపరలుగా వస్తుంది. తుంపరలన్నీ రేకు మీద పడి, ఒకదానిలో ఒకటి కలిసి, సమంగా పరుచుకోవాలి. ఒక్కోసారి అవి సమంగా పరుచుకోకముందే ఆరిపోతాయి. అప్పుడు పైభాగం చిన్న చిన్న గుంటలతో బత్తాయి తొక్కలా వుంటుంది. గన్ను ఒకేచోట ఎక్కువసేపు ఆగితే రంగు కిందికి కారి చార కడుతుంది. ఇవి కాక దుమ్ము. కార్ల ఫ్యాక్టరీలో రంగు వేసేది మూసివున్న గదిలో. గాలిని వడకట్టి లోపలికి పంపుతారు. మన షెడ్డుకు తలుపే వుండదు. రోడ్డు మీద లారీ పోతే దుమ్మంతా తడి రంగు మీదే. దోమ వాలితే అదీ అందులోనే.

ఈ గుంటలు, చారలు, నలుసులు పోవాలంటే పైపొరను సమంగా అరగదీయాలి. అందుకే నీళ్లు, నల్ల కాగితం. దీన్ని షెడ్లలో వాటర్ పేపర్ కొట్టడం అంటారు.

సమంగా అయింది. మరి మెరుపు ఎందుకు పోయింది?

గోలెంలో నీళ్లు కదలకుండా వున్నప్పుడు వంగి చూస్తే ముఖం కనిపిస్తుంది. చేత్తో కదిపితే కనిపించదు. నీళ్లు అవే. వెలుగూ అదే. పైభాగం నున్నగా వున్నప్పుడు వెలుగు ఒకే దిక్కుకు తిరిగి వస్తుంది. పైభాగం ఎగుడుదిగుడుగా వుంటే వెలుగు తలో దిక్కుకూ చెదిరిపోతుంది. అందుకే మసక.

ఇత్తడి చెంబు తోమే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇటుక పొడితో తోమితే మురికి పోతుంది గానీ చెంబు మీద గీతలు పడతాయి. మెత్తని బూడిదతో, చింతపండుతో తోమితే మెరుస్తుంది.

వాటర్ పేపర్ కూడా కారు మీద గీతలు పెడుతుంది. లెక్కలేనన్ని సన్న గీతలు. అంటే మెరుపు ఎక్కడికీ పోలేదు. గీతల మధ్య చెదిరిపోయింది. ఆ గీతలను ఇంకా సన్న గీతలుగా, వాటిని మరీ సన్న గీతలుగా మార్చుకుంటూ పోవాలి. చివరికి కంటికి ఆననంత సన్నమైపోతే వెలుగు మళ్లీ ఒకే దిక్కుకు తిరుగుతుంది. పని మొత్తం ఇంతే.

బేతంచెర్ల బండలకు పాలిష్ పట్టేదీ ఇలాగే. ఇంట్లో మొజాయిక్ నేలకు మిషను పట్టేదీ ఇలాగే. మొదట గరుకు రాయి, తరువాత నున్న రాయి, ఆ తరువాత ఇంకా నున్న రాయి. మధ్యలో ఒక రాయి మానేస్తే నేల మీద గీతలు అలాగే మిగిలిపోతాయి. ఎంత నూనె రాసినా దాగవు.

వెనక వున్న అంకె

వాటర్ పేపర్ అట్ట 9 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు వుంటుంది. ముందువైపు నల్లని గరుకు. ఆ గరుకు సిలికాన్ కార్బైడ్ అనే గట్టి పదార్థం. కార్బొరండం రాయి అంటే చాలామందికి తెలుసు. అదీ ఇదీ ఒకటే. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచిసన్ అనే ఆయనకు కరెంటు కొలిమిలో ఏదో చేయబోతే ఇది దొరికింది. ఇసుకను, బొగ్గును బాగా కాల్చి దీన్ని తయారు చేస్తారు.

కాగితం వెనక వైపు ఒక అంకె వుంటుంది. 400, 800, 1000, 1500, 2000, 3000. కొన్నిటి మీద అంకె ముందు పి అనే ఇంగ్లీషు అక్షరం వుంటుంది. అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఇది కొత్తవాళ్లకు తిరకాసుగా వుంటుంది. పెద్ద అంకె అంటే పెద్ద గరుకు అనుకుంటారు. కాదు. పెద్ద అంకె అంటే సన్న గరుకు. పి 400 కాగితం మీద గరుకు రేణువు సుమారు 35 మైక్రాన్లు. పి 1000 మీద 18. పి 2000 మీద 10.

మైక్రాన్ అంటే ఎంత? ఒక మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు వుంటుంది.

ఇప్పుడు ఇంకో లెక్క. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు పొరలన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు వుంటాయి. అందులో పైన వుండే క్లియరు 40, 50 మైక్రాన్లే. అంటే వెంట్రుక కంటే సన్నం. అదే కారు రంగుకు కవచం. ఎండను, వానను అదే తట్టుకోవాలి. హెల్పరు రుద్దేది ఆ పొరనే. అందులో కొద్దిపాటి తియ్యాలి. ఎక్కువ తీస్తే కిందనున్న రంగు బయటపడుతుంది. షెడ్లో దీన్ని "కోసేసింది" అంటారు. కోసేస్తే పాలిష్‌తో బాగుపడదు. ఆ తలుపుకో, ఆ బానెట్‌కో మళ్లీ రంగు కొట్టాల్సిందే.

ఆ ఖర్చు ఎవరిది? చాలాచోట్ల కోసిన మనిషి కూలి నుంచే విరుస్తారు. అరిగిపోయిన ప్యాడ్ ఇచ్చి, అంకె చెరిగిపోయిన పేపరు ముక్క ఇచ్చి, కోస్తే మాత్రం కూలి విరవడం ఏం న్యాయం?

అంకె చదవడం రాని మేస్త్రులు వేళ్లతో తడిమి పేపరు పోల్చేవాళ్లు. గొప్ప నేర్పే. కానీ 1500కూ 2000కూ తేడా వేలికి సులువుగా తెలియదు, అందులోనూ నీళ్లలో నానిన వేలికి. పైగా పేపరును నాలుగు ముక్కలు చేసి వాడతారు. ఒక ముక్క మీద అంకె వుంటుంది. మిగతా వాటి మీద వుండకపోవచ్చు. చింపేముందే ప్రతి ముక్క వెనకా పెన్సిలుతో అంకె రాసుకోవాలి. 2000 పేపరుతో చేసే పని దగ్గర పొరపాటున 400 ముక్క చేతికి వస్తే, రెండు రుద్దులకే ఆ రోజు కూలి పోయినట్టు.

అంకెలు డబ్బా మీద కూడా వుంటాయి. క్లియరులో హార్డ్‌నర్ కలపాలి. డబ్బా మీద 2:1 అని వుంటే క్లియరు రెండు పాళ్లు, హార్డ్‌నర్ ఒక పాలు. 4:1 అని వుంటే నాలుగు పాళ్లకు ఒకటి. కంటి అంచనాతో కలిపితే క్లియరు మెత్తగా వుండిపోతుంది. పేపరుకు అంటుకుంటుంది. కష్టపడి మెరుపు తెచ్చినా కొన్నాళ్లకు చచ్చిపోతుంది. అప్పుడు అందరూ పాలిష్‌ను తిడతారు. తప్పు కలపడంలో జరిగింది.

నీళ్లతో ఎందుకు?

పొడిగా రుద్దితే వచ్చిన పొడి కాగితం గరుకులో ఇరుక్కుంటుంది. వుండ కడుతుంది. ఆ వుండ లోతైన గీత పెడుతుంది. నీళ్లు పోస్తే పొడి కొట్టుకుపోతుంది. వేడి పుట్టదు. దుమ్ము ముక్కులోకి పోదు.

ఈ చివరి మాట చిన్నది కాదు. పాత రోజుల్లో కారు రంగుల్లో సీసం కలిసేది. సీసం విషం. పొడిగా రుద్దే పనివాళ్లు ఆ దుమ్మును పీల్చేవాళ్లు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో ఫ్రాన్సిస్ ఓకీ అని ఒకాయన వుండేవాడు. ఆయనది అచ్చు సిరా తయారుచేసే వ్యాపారం. నీళ్లలో ముంచినా చెడని గరుకు కాగితాన్ని ఆయన కనిపెట్టాడు. 1921లో 3ఎం అనే కంపెనీ ఆ హక్కు కొని అమ్మకానికి తెచ్చింది. మన చేతిలో వున్న నల్ల కాగితం అదే వంశం.

ఆ కాగితాన్ని పరీక్షకు ఇవ్వడానికి ఆ కంపెనీ మనిషి రిచర్డ్ డ్రూ ఒక పెయింటు షెడ్డుకు వెళ్లాడు. అక్కడ రెండు రంగుల కారుకు రంగు కొడుతున్నారు. రంగుల మధ్య అంటించిన కాగితం పీకితే రంగూ ఊడి వచ్చింది. పనివాళ్లు చిరాకుపడుతున్నారు. అది చూసి ఆయన రంగును పీకని టేపు తయారుచేశాడు. 1925 నాటికి మాస్కింగ్ టేపు వచ్చింది. పనివాడి బాధ దగ్గరుండి చూసినవాడికే ఇలాంటివి తడతాయి.

రుద్దడం

ముందు క్లియరు బాగా ఆరాలి. గోరుతో నొక్కితే దిగబడకూడదు. కనీసం ఒక రాత్రి గడవాలి. వానాకాలం ఇంకా ఎక్కువ.

పేపరును కాసేపు నీళ్లలో నానబెట్టాలి. బకెట్టు శుభ్రంగా వుండాలి. అడుగున ఒక్క ఇసుక రేణువు వున్నా చాలు, అది పేపరుకు అంటి కారు పొడుగునా గీత పెడుతుంది. నీళ్లలో కొంచెం సబ్బు కలిపితే పేపరు జారుగా నడుస్తుంది.

పేపరును వేళ్లతో పట్టి రుద్దకూడదు. వేలి కింద ఎక్కువ అరుగుతుంది, వేలికీ వేలికీ మధ్య తక్కువ అరుగుతుంది. కాలువలు పడతాయి. రబ్బరు దిమ్మెకు పేపరు చుట్టి రుద్దాలి. అంచులకు, తలుపు మీద వుండే ఎత్తు గీతలకు మాస్కింగ్ టేపు వెయ్యాలి. అక్కడ క్లియరు మరీ సన్నంగా వుంటుంది. ముందుగా కోసుకుపోయేది అక్కడే.

రుద్దుతూ మధ్యమధ్య ఆగాలి. రబ్బరు ముక్కతో నీళ్లు లాగేసి చూడాలి. గుంటలు ఇంకా వుంటే అవి మెరుస్తూ చుక్కల్లా కనిపిస్తాయి. చుట్టూ మసక, మధ్యలో మెరుపు చుక్క. చుక్కలు పోయాయంటే సమం అయింది. ఆపెయ్యాలి. కారే నీళ్ల రంగు కూడా చూడాలి. పాలలా తెల్లగా వుంటే అరిగేది క్లియరు. కారు రంగు దిగుతోందంటే కిందికి పోయింది. వెంటనే చెయ్యి తియ్యాలి. అంబాసిడర్, పద్మినీ లాంటి పాత బండ్లకు క్లియరు లేకుండా ఒకే రంగు కొట్టి వుంటే సంగతి వేరు. వాటికి మొదటి రుద్దుకే రంగు దిగుతుంది. అది సహజం.

1500తో మొదలుపెడితే తరువాత 2000, ఆ తరువాత 3000. 1500 అడ్డంగా రుద్దితే 2000 నిలువుగా రుద్దాలి. అడ్డగీత ఒక్కటి కూడా కనిపించనప్పుడే 2000 పని అయినట్టు.

"మేస్త్రీ, 3000 మానేసి మిషను పట్టేద్దామా? మిషనే లాగేస్తుందిగా" అంటాడు హెల్పరు.

"లాగుద్దిరా. గీతతో పాటు క్లియరును కూడా లాగుద్ది" అంటాడు మేస్త్రి.

పేపరు దగ్గర పావుగంట మిగుల్చుకుంటే మిషను దగ్గర గంట పడుతుంది. ఎక్కువసేపు మిషను పడితే వేడి. వేడి ఎక్కువైతే కాలడం.

మిషను

బండిని బాగా కడగాలి. ఆరబెట్టాలి. కింద నేల కూడా ఆరాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అంతవరకూ నీళ్ల పని, ఇప్పుడు కరెంటు పని. తడి నేల, వట్టి కాళ్లు, తెగిన వైరు మూడూ కలిస్తే ప్రాణం పోతుంది. కాలికి రబ్బరు చెప్పులో, బూట్లో వుండాలి. ప్లగ్గుకు మూడు పిన్నులూ వుండాలి. వైర్లు పుల్లలతో గుచ్చే షెడ్డులో మెరుపు సంగతి తరువాత. భుజం మీద తుండు తీసి పక్కన పెట్టాలి. తుండు చక్రానికి చుట్టుకుంటే మనిషిని లాగేస్తుంది.

మొదట ఉన్ని ప్యాడ్. దానితో కాంపౌండ్. కాంపౌండ్ అంటే రాతిపొడి లాంటి సన్న గరుకు కలిపిన ముద్ద. శనగగింజంత చుక్కలు నాలుగు పెడితే అడుగున్నర పలకకు చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ మెరుస్తుందని కొందరి భ్రమ. ప్యాడ్ గొంతు నిండి జారడం తప్ప ఏమీ జరగదు.

మిషను నిమిషానికి 1000 నుంచి 1500 చుట్లు తిరిగితే చాలు. కొందరు గ్రైండరుకే ప్యాడ్ తగిలిస్తారు. చిన్న గ్రైండరు నిమిషానికి 10 వేల చుట్లకు పైనే తిరుగుతుంది. క్లియరు కాలి ముడత పడడానికి ఒక్క క్షణం చాలు. ప్యాడ్‌ను రేకు మీద బల్లపరుపుగా ఆనించాలి. మిషను ఎప్పుడూ కదులుతూ వుండాలి. మధ్యలో అరచెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి పెట్టలేనంత వేడిగా వుంటే ఆపాలి. ప్లాస్టిక్ బంపరు రేకు కంటే త్వరగా కాలుతుంది, ఎందుకంటే వేడి అక్కడే నిలుస్తుంది. ఎండలో ఈ పని అసలు పనికిరాదు. అంచు దగ్గర చక్రం లోపలి నుంచి బయటికి జారిపోవాలి. బయటి నుంచి అంచు మీదికి ఎక్కితే కోసేస్తుంది.

తరువాత స్పాంజి ప్యాడ్, పాలిష్. కాంపౌండ్ వాడిన ప్యాడ్‌తో పాలిష్ పట్టకూడదు. ముద్ద చల్లిన మరకలు బనియన్ గుడ్డతో అప్పటికప్పుడు తుడవాలి. ఎండితే రావు.

ఇక్కడ ఒక మోసం వుంది. కొన్ని పాలిష్‌లలో నూనె, మైనం ఎక్కువ. అవి గీతల్లో నిండి మెరుపు చూపిస్తాయి. సాయంత్రం యజమాని చూసి మురిసి, డబ్బిచ్చి తీసుకుపోతాడు. రెండు కడుగులకు నూనె పోయి గీతలు బయటపడతాయి. ఎండలో చూస్తే సాలెగూడులా గుండ్రటి గీతలు. నిజం తెలుసుకోవాలంటే నీళ్లు కలిపిన స్పిరిట్‌తో ఒక చోట తుడిచి, టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడాలి. అప్పుడూ గీత లేకపోతే అది నిజం మెరుపు. మంచి మేస్త్రి ఈ పరీక్ష యజమాని ముందే చేస్తాడు.

మనిషి సంగతి

కారు మీద మైక్రాన్లు లెక్కపెట్టే షెడ్డులో మనిషి ఊపిరిని లెక్కపెట్టరు. నీళ్లతో రుద్దేటప్పుడు దుమ్ము తక్కువే. ప్రమాదం అంతకుముందే జరుగుతుంది, క్లియరు కొట్టేటప్పుడు. చాలా హార్డ్‌నర్లలో ఐసోసయనేట్ అనే రసాయనం వుంటుంది. ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం వస్తుంది. ఒకసారి వచ్చిందంటే తరువాత కొద్దిగా పీల్చినా ఆయాసం వస్తుంది. ముక్కుకు తుండు కట్టుకుంటే ఇది ఆగదు. గుడ్డలోంచి ఆవిరి దూరిపోతుంది. మందుడబ్బాలు బిగించిన రబ్బరు మాస్కు కావాలి. ఆ డబ్బాలను ఎప్పటికప్పుడు మార్చాలి. గొట్టంతో బయటి మంచిగాలి అందించే మాస్కు అన్నిటికంటే మేలు. ఇది కొనాల్సింది యజమాని. అడగాల్సింది పనివాళ్లు. ఒక్కరు అడిగితే "రేపు చూద్దాం" అంటారు. నలుగురు కలిసి అడిగితే వేరుగా వుంటుంది.

పని అయ్యాక థిన్నర్‌తో చేతులు కడగడం అందరికీ అలవాటు. రంగు పోతుంది నిజమే. చర్మంలోని నూనె కూడా పోతుంది. చేతులు పగుళ్లు తేలతాయి. థిన్నర్ చర్మం గుండా ఒంట్లోకీ దిగుతుంది. చేతి తొడుగులు వేసుకోవాలి. లేకపోతే పనికి ముందే చేతులకు కొబ్బరినూనె రాసుకొని, తరువాత సబ్బుతో కడుక్కోవడం మేలు.

బండి ఇంటికి పోయాక

కొత్త రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఇంకా ఆరుతూనే వుంటుంది. లోపలి ద్రావకం మెల్లగా బయటికి పోవాలి. అందుకని ఒక నెల దాకా మైనం పూయకూడదు. పూస్తే దారి మూసినట్టవుతుంది. ఆ నెల రోజులు మంచినీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో ఒత్తితే చాలు. బట్టల సబ్బు పొడి వాడకూడదు. దుమ్ము మీద పొడిగుడ్డతో తుడవకూడదు. దుమ్ము కూడా ఒక గరుకు కాగితమే. దాని వెనక అంకె వుండదు, అంతే తేడా. పిట్ట రెట్ట పడితే ఎండకముందే నానబెట్టి తియ్యాలి. నెల దాటాక మైనం పూసుకోవచ్చు.